పాడేరు అవతల ఒక లోయ, మూడు జలపాతాలు: లొకేషన్ పెట్టమంటారా, వద్దంటారా?

సీలేరు_గాలి
నవంబర్ 10, రాత్రి 9:20

అందరికీ నమస్కారం. పెద్ద పోస్టు ఇది, కాస్త ఓపిగ్గా చదవండి.

మొన్న శనివారం నేనూ మా బావమరిదీ రెండు బైకుల మీద విశాఖ నుంచి తెల్లవారుజామున 4 గంటలకు బయల్దేరాం. చోడవరం, మాడుగుల దాటి ఘాట్ ఎక్కి పాడేరులో టీ తాగేసరికి ఏడు దాటింది. అసలు అనుకున్నది వంజంగి కొండెక్కి మబ్బులు చూద్దామని. కానీ కొండ కింద అప్పటికే కార్లు బారులు తీరాయని టీ కొట్టతను చెప్పడంతో మనసు మార్చుకుని జి.మాడుగుల రోడ్డు పట్టుకున్నాం. దారిలో ఒక పెద్దాయన ఉప్పు, నూనె, ఎండుచేపల మూటతో నిలబడి చెయ్యెత్తాడు. ఎక్కించుకున్నాం. మెయిన్ రోడ్డు వదిలి ఏడెనిమిది కిలోమీటర్లు మట్టి దారి, మధ్యలో రెండు గెడ్డలు (వాగులు), ఒకదాని మీద కల్వర్టు సగమే ఉంది. దిగేటప్పుడు ఆయనే అన్నాడు, "ఊరి మీద నుంచి గెడ్డ దూకుతాది, చూసి పోండి బాబూ" అని.

నేను ఇరవై ఏళ్లుగా ఈ ఏజెన్సీలో తిరుగుతున్నాను. కటికి, తాటిగుడ, చాపరాయి, కొత్తపల్లి, డుడుమ జలపాతాలన్నీ చూశాను. ఇలాంటి చోటు మాత్రం చూడలేదు. మూడు పక్కలా కొండలు, మధ్యలో మెట్లు మెట్లుగా వరి మడులు, పంట బంగారం రంగు తిరిగింది. మెట్ట మీద వలిసె పూలు పసుపు పరిచినట్టు ఉన్నాయి. ఆ పైన సిల్వర్ ఓక్ చెట్లు, వాటికి అల్లుకున్న మిరియాల తీగలు, నీడన కాఫీ. మొంథా తుపాను వానలు పడి పది రోజులే అయింది కాబట్టి మూడు చోట్ల నీళ్లు దూకుతున్నాయి. ఒకటి ఊరికి ఆనుకునే ఉంది. రెండోది కాఫీ తోట దాటితే కనిపిస్తుంది. మూడోదానికి గంట నడవాలి. దాన్ని దగ్గరికి వెళ్లి చూడలేదు, చప్పుడు మాత్రం విన్నాం.

ఒక ఇంటి ముందు ముసలమ్మ కాఫీ పండ్లు ఎండబెడుతోంది. పచ్చివి ఏరి పక్కన పడేస్తోంది. ఆ ఏరే చేతివేళ్లు చూస్తూ కూర్చుండిపోయాను. ఒక్క పండు మీద కూడా చూపు నిలపదు, వేళ్లే తెలుసుకుంటాయి. మాకు చోడి (రాగి) అంబలి పోసింది. డబ్బులు ఇవ్వబోతే తీసుకోలేదు.

ఆ ఊళ్లో హోటల్ లేదు, టెంట్లు లేవు, టికెట్ లేదు, చిప్స్ కవర్ ఒక్కటి కూడా లేదు. అందుకే అడుగుతున్నాను. ఈ చోటు పదిమందికీ తెలిస్తే ఊరికి నాలుగు డబ్బులు వస్తాయి, రోడ్డు పడుతుంది. తెలిస్తే ఏమవుతుందో కూడా మనందరం చూశాం. మూడు ఫొటోలు మాత్రం పెడుతున్నాను. లొకేషన్ పెట్టమంటారా?

———

వైజాగ్_బుల్లెట్
నవంబర్ 10, రాత్రి 9:41

అన్నా సూపర్ ఫొటోలు. లొకేషన్ ప్లీజ్, ఈ ఆదివారమే వెళ్తాం.

———

కొండదారి
నవంబర్ 10, రాత్రి 10:15

పెట్టకండి. నా మాట వినండి. వంజంగికి మొదట్లో వెళ్లినవాళ్లలో నేనొకడిని, అప్పుడు కొండ మీద మేము ఆరుగురమే. ఇప్పుడు సీజన్లో శని, ఆదివారాలు అర్ధరాత్రి నుంచే వాహనాలు. సూర్యోదయం చూడ్డానికి వచ్చినవాళ్లు స్పీకర్లు పెట్టుకుని డాన్సులు. మబ్బులు మాత్రం అప్పటిలాగే ఉన్నాయి.

———

అమ్మమ్మగారి_ఊరు
నవంబర్ 11, ఉదయం 6:50

నేను కొండదారి గారితో పూర్తిగా ఏకీభవించలేను అండి. మనం చూసేసి, ఇంకెవరూ చూడకూడదు అంటే ఎలా? నాకు పదేళ్ల పాప, ఏడేళ్ల బాబు. హైదరాబాద్‌లో పుట్టి పెరిగారు, వరి మడి అంటే పుస్తకంలో బొమ్మ వాళ్లకి. వాళ్లకి ఇలాంటి ఊరు చూపించాలని నాకు ఎంతో ఉంది. లంబసింగి తీసుకెళ్తే చలిమంటలు, మ్యాగీ, ట్రాఫిక్ జామ్ చూసి వచ్చాం.

నా ప్రశ్నలు వేరే. అక్కడ రాత్రి ఉండే వీలుందా? బాత్రూములు? పిల్లలకి జ్వరం వస్తే దగ్గర్లో ఆసుపత్రి ఎంత దూరం? ఫోన్ సిగ్నల్ ఉందా? ఇవి తెలియకుండా బైకుల వాళ్ల మాట విని కుటుంబంతో బయల్దేరితే ఏమవుతుందో మాకు ఒకసారి అనుభవం. ఒకచోట టెంట్ బుక్ చేసుకుని డబ్బంతా ముందే కట్టి వెళ్తే, అక్కడ ఆడవాళ్లకి ఒక్క మరుగుదొడ్డి లేదు. రాత్రంతా పాప ఏడుస్తూనే ఉంది.

———

సీలేరు_గాలి
నవంబర్ 11, ఉదయం 8:05

అమ్మా, మీరు అడిగినవి అసలైన ప్రశ్నలు. ఊళ్లో సిగ్నల్ లేదు, బడి వెనక మెట్ట ఎక్కితే ఒక గీత వస్తుంది. ఆసుపత్రి అంటే మండల కేంద్రంలో పీహెచ్‌సీ, పెద్దదానికి పాడేరు రావాల్సిందే. ఆ కల్వర్టు దగ్గర అంబులెన్స్ ఆగిపోతుంది, అక్కడిదాకా డోలీలో మోసుకొస్తారట. మమ్మల్ని తీసుకెళ్లిన పెద్దాయన కోడలిని కాన్పుకి అలాగే మోశారు. పిల్లలతో ఇప్పుడే వద్దు.

———

ములుగు_వాన
నవంబర్ 11, మధ్యాహ్నం 1:30

మాది ములుగు జిల్లా. మా దిక్కు బొగత జలపాతం అందరికీ తెలుసు. వెంకటాపురం మండలంలో ముత్యంధార అని ఇంకొకటి ఉంది, వీరభద్రవరం అడవిలో చాలా ఎత్తు నుంచి పడుతుంది. పేరుకు తగ్గట్టే ఉంటుంది, నిజంగా ముత్యాలు రాలినట్టే. మేం చిన్నప్పటి నుంచి పోతున్నం. రీల్స్ వచ్చినంక జనం వచ్చిండ్రు. 2023 జూలైలో పెద్ద వానలు, పోవద్దని చెప్తున్నా పోయిండ్రు. పోయేటప్పుడు మోకాలు లోతు ఉన్న వాగు తిరిగి వచ్చేసరికి ఉప్పొంగింది. 80 మంది దాకా రాత్రి అడవిలో ఇరుక్కున్నరు. ఎన్డీఆర్‌ఎఫ్ (విపత్తు సహాయ దళం) వాళ్లు పోయి తెల్లవారేటప్పటికి బయటికి తెచ్చిండ్రు. పాణాలు దక్కినయి, అది అదృష్టం.

మీ వాళ్లకి ఒకటి చెప్పండి. జలపాతం దగ్గర వాన పడకున్నా, పైన కొండల మీద పడితే చాలు. నీళ్ల రంగు మారుతుంది, ఆకులు, పుల్లలు కొట్టుకొస్తయి. అది కనబడంగనే ఫోను, చెప్పులు అన్నీ వదిలేసి గట్టెక్కాలె.

———

కొండదారి
నవంబర్ 11, మధ్యాహ్నం 2:10

ములుగు_వాన గారు చెప్పింది అక్షరాలా నిజం. 2024 సెప్టెంబర్‌లో మారేడుమిల్లి దగ్గర జలతరంగిణిలో ఇలాగే ఒక్కసారిగా నీళ్లు పెరిగి మెడిసిన్ చదివే పిల్లలు కొట్టుకుపోయారు, ముగ్గురు చనిపోయారు. అనంతగిరి మండలంలో సరియా జలపాతం ఎంతమందిని తీసుకుందో. అక్కడ పైకి ప్రశాంతంగా కనిపించే గుండం లోపల లోతు, రాళ్ల మధ్య సుడి. ఈత వచ్చినవాళ్లు కూడా పోతారు.

నాచు పట్టిన రాయి మీద షూ అయినా జారుతుంది. కింద నిలబడి చూడండి, పైకి ఎక్కకండి. ఇదొక్కటి పాటిస్తే చాలా ప్రమాదాలు తప్పుతాయి.

———

చోడిచేను
నవంబర్ 11, రాత్రి 11:48

ఈ వేదికలో ఎప్పుడూ చదవడమే, రాయడం ఇదే మొదటిసారి. మాది జి.మాడుగుల మండలమే. సీలేరు_గాలి సార్, మీ రెండో ఫొటో చూడగానే ఏ ఊరో తెలిసిపోయింది. మా మేనత్త ఊరు. మీకు అంబలి పోసిన అవ్వ మా అత్తకి తోడికోడలు.

"కొత్తగా కనుక్కున్నారు" అని ఎవరైనా రాస్తే మాకు కష్టంగా ఉంటుంది సార్. మీరు అలా రాయలేదు, సంతోషం. ఆ గెడ్డకి మా వాళ్లు ఏటా కోడిని కోసి మొక్కుతారు. నీళ్లు దూకే చోటుకి పైన ఒక చిన్న మడుగు ఉంటుంది, అక్కడికి చెప్పులతో వెళ్లం. దేవుడి సంగతి అలా ఉంచండి, ఇంకో కారణం ఉంది. ఊరికి తాగునీళ్లు వచ్చేది ఆ మడుగు నుంచే. గ్రావిటీ పైపు. పై నుంచి నల్ల పైపు వేసి ఊళ్లో ట్యాంకులోకి దించారు, మోటారు లేదు, కరెంటు అక్కర్లేదు, ఎండాకాలంలో కూడా నీళ్లు ఆగవు. అంతకు ముందు మా అత్త బిందెతో రోజుకి నాలుగుసార్లు లోయలోకి దిగి ఎక్కేది.

టూరిస్టులు రావద్దని నేను అనను. నేను డిగ్రీ చేసి, వంజంగి దగ్గర ఒకాయన టెంట్ల క్యాంపులో రెండు సీజన్లు పనిచేశాను. క్యాంపు పేరు మా కులపాయన పేరు మీద ఉంటుంది. డబ్బు పెట్టింది, తీసుకెళ్లేది కింద నుంచి వచ్చినాయన. మాకు రాత్రికి కూలి, తెల్లారి సీసాలు ఏరే పని. అదే పని మా ఊళ్లో, మా ఇంట్లో, మా లెక్కన చేసుకోవాలని నా ఆశ.

———

పాడేరు_మాస్టారు
నవంబర్ 12, ఉదయం 7:15

చోడిచేను బాబూ, రాయి, ఇంకా రాయి. ముప్పయ్యేళ్లు ఆశ్రమ పాఠశాలల్లో పాఠాలు చెప్పి రిటైరయ్యాను, నీలాంటివాళ్లు రాయాలనే నా కోరిక.

మిగతావారికి నేపథ్యం కొంచెం చెబుతాను. కొత్తపల్లి జలపాతం ఇప్పుడు అందరికీ తెలుసు, రోడ్డు పక్కనే ఉంది కాబట్టి. ఒకప్పుడు మేము పిల్లల్ని తీసుకుని వెళ్తే పశువుల కాపర్లు తప్ప ఎవరూ ఉండేవారు కాదు. తర్వాత మెట్లు కట్టారు, కమ్మీలు పెట్టారు, టికెట్ వచ్చింది, బయట దుకాణాలు వెలిశాయి. ఆ దుకాణాల్లో బొంగులో చికెన్ అమ్మేవాళ్లు, జామకాయలు, సీతాఫలాలు గంపలో పెట్టుకు కూర్చునే ఆడవాళ్లు మా వాళ్లే. ఆ మేరకు మంచే జరిగింది, కాదనను.

ఇప్పుడు 516ఈ జాతీయ రహదారి వస్తోంది. రాజమండ్రి నుంచి రంపచోడవరం, కొయ్యూరు, కృష్ణదేవిపేట, లంబసింగి, పాడేరు, అరకు మీదుగా విజయనగరం దాకా. 1922 ఆగస్టులో అల్లూరి మనుషులు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్ల మీద పడింది ఈ అడవి దారుల్లోనే. ఘాట్ రోడ్డు పనికి వెట్టిగా తోలుకెళ్తే కడుపు మండి మన్యం తిరగబడిన కథ అది. నూరేళ్ల తర్వాత అదే కొండల్లో పెద్ద రోడ్డు వస్తోంది. ఈసారి దాని వల్ల ఎవరు బాగుపడతారు అన్నదే నా ప్రశ్న. సీలేరు_గాలి గారు లొకేషన్ పెట్టినా పెట్టకపోయినా రెండు మూడేళ్లలో జనం వస్తారు. ఆ లోపల ఊరు సిద్ధంగా ఉండాలి.

———

డల్లాస్_దుగ్గిరాల
నవంబర్ 12, ఉదయం 9:30

టాపిక్ చాలా బాగుంది. జనవరిలో ఇండియా వస్తున్నాం. మాది దుగ్గిరాల, పసుపు ఊరే కాబట్టి ఏజెన్సీ పసుపు గురించి నాన్నగారు చెబుతుండేవారు. ఒక ఆలోచన. మేం నలుగురు స్నేహితులం కలిసి అక్కడ రెండెకరాలు తీసుకుని పదిహేను కాటేజీలు, మంచి బాత్రూములతో కడితే, అమ్మమ్మగారి_ఊరు గారి సమస్య తీరుతుంది, ఊరివాళ్లకి ఉద్యోగాలు వస్తాయి. కొత్త టూరిజం పాలసీలో పరిశ్రమ హోదా కూడా ఇచ్చారు కదా. భూమి రేటు ఎలా ఉంటుంది?

———

పాడేరు_మాస్టారు
నవంబర్ 12, ఉదయం 10:05

అయ్యా, మీ ఉద్దేశం మంచిదే, కానీ అక్కడ భూమి మీరు కొనలేరు, లీజుకి తీసుకోవడానికీ లేదు. ఇది రాజ్యాంగం ఐదో షెడ్యూల్ కిందికి వచ్చే గిరిజన ప్రాంతం. 1959 నాటి భూ బదలాయింపు నిబంధనను 1970లో బిగించారు, దాన్నే 1/70 అంటాం. ఇక్కడి భూమి గిరిజనుడి నుంచి గిరిజనేతరుడికి ఏ రూపంలోనూ మారకూడదు. 1997లో సుప్రీంకోర్టు, సమత అనే సంస్థ వేసిన కేసులో ఇంకా గట్టిగా చెప్పింది, ప్రభుత్వం కూడా తన భూమిని ఇక్కడ బయటి కంపెనీల గనులకి లీజుకి ఇవ్వకూడదని. ఆ కేసు పుట్టింది అనంతగిరి మండలం గనుల మీదే.

టూరిజం కోసం 1/70ని సడలించాలన్న మాట వినపడగానే 2025 ఫిబ్రవరిలో ఏజెన్సీ అంతా బంద్ అయింది. సవరణ ఉండదని ప్రభుత్వం చెప్పాల్సి వచ్చింది. ఆ చట్టమే లేకపోతే వంజంగి, లంబసింగి కొండలు ఈపాటికి ప్లాట్లుగా అమ్ముడుపోయేవి. చోడిచేను ఇందాక చెప్పిన బినామీ క్యాంపులు చట్టాన్ని పక్కదారి పట్టించడమే.

———

డల్లాస్_దుగ్గిరాల
నవంబర్ 12, సాయంత్రం 6:40

నాకు ఇంత తెలియదు మాస్టారూ, చెప్పినందుకు ధన్యవాదాలు. కాటేజీల మాట వెనక్కి తీసుకుంటున్నాను. అయితే మాలాంటివాళ్లు ఏమీ చేయకూడదా?

———

చోడిచేను
నవంబర్ 12, రాత్రి 10:20

చేయొచ్చు సార్. మా ఇంట్లో ఒక గది ఉంది, మట్టి గోడ, పెంకు కప్పు, చల్లగా ఉంటుంది. ఒక మరుగుదొడ్డి కట్టాలి, రెండు మంచాలు, దోమతెరలు కావాలి. మీరు వచ్చి ఉండి డబ్బు ఇవ్వండి, అదే మాకు సాయం. మా కాఫీ, మిరియాలు, రాజ్మా కొనండి. బయట మీరు కొనే రేటుకీ మాకు చేతికొచ్చే రేటుకీ చాలా తేడా ఉంటుంది.

———

కొండదారి
నవంబర్ 13, ఉదయం 8:30

మారేడుమిల్లి దగ్గర వాలమూరులో జంగిల్ స్టార్ క్యాంపు చూడండి. అటవీ శాఖ ఆధ్వర్యంలో వన సంరక్షణ సమితి నడుపుతుంది, వంట, గదులు, అడవిలో నడిపించడం అన్నీ అక్కడి కొండరెడ్డి గిరిజనులే చూసుకుంటారు. కటికిలో కూడా బొర్రా నుంచి జీపులు తిప్పేది చుట్టుపక్కల కుర్రాళ్లే. జలపాతం రిజర్వు ఫారెస్టులో ఉంటే అటవీ శాఖ అనుమతి కావాలి, మొదలుపెట్టే ముందే అడగండి, తర్వాత అడిగితే గొడవ. పెసా (గిరిజన ప్రాంతాల పంచాయతీల చట్టం) ప్రకారం గ్రామసభకి మాట చెప్పే హక్కు ఉంది, తీర్మానం రాయించుకోండి. నోటి మాట నిలవదు.

ఇంతకు ముందు "పెట్టకండి" అని ఒక్క మాటలో కొట్టేశాను. చోడిచేను రాసింది చదివాక నా అభిప్రాయం కొంత మారింది. పెట్టాలా వద్దా అన్నది మనం తేల్చేది కాదు.

———

అమ్మమ్మగారి_ఊరు
నవంబర్ 13, ఉదయం 9:12

దోమతెరలు నేను పంపిస్తాను. నాలుగు చాలా?

———

వైజాగ్_బుల్లెట్
నవంబర్ 15, రాత్రి 8:02

అన్నా లొకేషన్ దొరికేసింది. మూడో ఫొటోలో కొండ ఆకారం, స్కూల్ బోర్డు మీద సగం పేరు కనిపిస్తోంది, మ్యాప్‌లో పట్టేశాం. గ్రూపులో కూడా పెట్టాను. రేపు వెళ్తున్నాం, ఎవరైనా వస్తారా?

———

నిర్వాహకుడు
నవంబర్ 15, రాత్రి 8:55

పై పోస్టు కింద పెట్టిన మ్యాప్ లింకును, మొదటి పోస్టులోని మూడో ఫొటోను తొలగించాను. చర్చ తేలే వరకు ఎవరూ లొకేషన్ పెట్టవద్దని మనవి.

———

చోడిచేను
నవంబర్ 17, ఉదయం 6:10

నిన్న ఆదివారం జరిగింది చెబుతాను. ఎవరినీ తిట్టడానికి రాయడం లేదు.

పొద్దున తొమ్మిదికి రెండు కార్లు, ఐదు బైకులు వచ్చాయి. వచ్చినవాళ్లందరూ ఈ వేదికవాళ్లే అని నేను అనను. కల్వర్టు దగ్గర కారు ఇరుక్కుంటే మా వాళ్లే తోసి లేపారు. కింద గెడ్డలో స్నానాలు చేశారు, అంతవరకు పర్లేదు. తర్వాత నలుగురు వీడియో కోసం పైకి ఎక్కారు. పట్టుకోవడానికి నల్ల పైపు దొరికింది. అది పట్టుకుని ఎక్కితే జాయింటు ఊడిపోయింది. వాళ్లకి తెలియను కూడా తెలియదు, నీళ్లు చిమ్ముతుంటే బాగుందని దాని కింద కూడా వీడియో తీసుకున్నారు. మడుగులో షాంపూ నురగ. సాయంత్రానికి ట్యాంకు ఖాళీ.

మా అత్త రాత్రి టార్చి వేసుకుని బిందెతో లోయలోకి దిగింది. ఆమెకి యాభై ఎనిమిదేళ్లు. మా చెల్లెలి కొడుకు నీళ్లలో దిగి కాలు తెగ్గోసుకున్నాడు, సీసా ముక్క. లోతుగా తెగలేదు, పసుపు పెట్టి కట్టాం, పీహెచ్‌సీకి తీసుకెళ్లి ఇంజెక్షన్ వేయించాం.

———

సీలేరు_గాలి
నవంబర్ 17, ఉదయం 6:58

తమ్ముడూ, ఏం రాయాలో తెలియడం లేదు. ఆ ఫొటోలో బోర్డు ఉందని నేను చూసుకోలేదు. అవ్వ చేతి అంబలి తాగి వచ్చి ఆ ఊరికి నీళ్లు లేకుండా చేశాను. బాబు కాలు ఎలా ఉంది? నీ నంబరు ప్రైవేటు మెసేజ్‌లో పెట్టు, సాయంత్రం ఫోన్ చేస్తాను.

———

వైజాగ్_బుల్లెట్
నవంబర్ 17, మధ్యాహ్నం 12:20

చోడిచేను అన్నా, నేనూ ఉన్నాను వాళ్లలో. పైకి నేను ఎక్కలేదు, కానీ ఆపలేదు కూడా. అది తాగునీళ్ల పైపు అని మీరు ముందే ఇక్కడ రాశారు. నేను లొకేషన్ ఎవరు చెప్తారా అని వెతికానే గానీ ఆ పోస్టు చదవలేదు. తప్పు నాదే. గ్రూపులో పోస్టు తీసేయించాను, ఎంతమంది సేవ్ చేసుకున్నారో తెలియదు. పైపు ఖర్చు నేను పెట్టుకుంటాను, మనిషిని తీసుకుని నేనే వస్తాను.

———

ములుగు_వాన
నవంబర్ 17, మధ్యాహ్నం 3:45

ఒప్పుకున్నవు తమ్మీ, మంచిగ చేసినవ్. మా దిక్కు ఒప్పుకునేటోళ్లు కూడా లేరు.

చోడిచేను, ఒక మాట. జనం రాక ఆగదు. మీరు దారికి అడ్డంగ ఒక గేటు, ఒక మనిషిని పెట్టండి. అడవిలో ఇరుక్కున్నోళ్లని వెతకపోవుడు కన్నా దారి మొదట్ల ఆపుడు సులువు.

———

పాడేరు_మాస్టారు
నవంబర్ 18, ఉదయం 7:40

నిన్న సాయంత్రం ఆ ఊరి పెద్దలతో ఫోన్లో మాట్లాడాను. కోపంగానే ఉన్నారు, న్యాయమే. దారి మూసేద్దాం అన్నవాళ్లు కొందరు, టికెట్ పెట్టేద్దాం అన్నవాళ్లు కొందరు. గురువారం సంత కాబట్టి బుధవారం సాయంత్రం కూర్చోమన్నాను. ఆడవాళ్లు తప్పకుండా ఉండాలని చెప్పాను, నీళ్లు మోసేది వాళ్లే కనుక.

———

చోడిచేను
నవంబర్ 20, రాత్రి 9:30

నిన్న కూర్చున్నాం. రాత్రి పదకొండు దాటింది. మా అత్త మొదటిసారి సభలో నిలబడి మాట్లాడింది. "రానీయండి, చూసుకోనీయండి, పైకి మాత్రం పోనీయకండి" అంది. అదే తీర్మానంలో మొదటి మాటగా రాశాం.

బళ్లు బడి దగ్గరే ఆపాలి, అక్కడి నుంచి నడక. ప్రతి గుంపుకీ ఊరి నుంచి ఒక మనిషి వెంట వస్తాడు, అతని కూలి అతనికే. మనిషికి ఇంత అని తీసుకునే డబ్బు ఊరి ఖాతాలో పడుతుంది, పైపుకీ ట్యాంకుకీ వాడతాం. ఎంత అన్నది ఇంకా తేలలేదు, యాభై అని ఆడవాళ్లు, వంద అని కుర్రాళ్లు. సీసాలు, స్పీకర్లు బడి దాటి రాకూడదు. వానాకాలంలో, గెడ్డ రంగు మారిన రోజుల్లో ఎవరినీ దించం, ఎంత డబ్బు ఇచ్చినా సరే. కాఫీ తోటలోకి అడగకుండా వెళ్లకూడదు. కాయ తొలిచే పురుగు 2025లో అరకు వైపు తోటల్లో కనిపించింది, మాకు ఆ భయం కూడా ఉంది, బయటి తోటల్లో తిరిగిన బట్టలతో, సంచులతో లోపలికి రావద్దు.

ఉండటానికి రెండు ఇళ్లు ఒప్పుకున్నాయి. మరుగుదొడ్డి ఒకటి కట్టాక మాత్రమే. జనవరి లోపు అవుతుందని నా నమ్మకం. అటవీ శాఖ వాళ్లని కలవడానికి సోమవారం మాస్టారు కూడా వస్తానన్నారు.

లొకేషన్ సంగతి కూడా మాట్లాడుకున్నాం. ఇప్పుడు వద్దన్నారు. సిద్ధమయ్యాక ఊరి పేరుతో మేమే ఇక్కడ రాస్తాం.

———

అమ్మమ్మగారి_ఊరు
నవంబర్ 20, రాత్రి 10:02

మీ అత్తగారికి నా నమస్కారాలు చెప్పండి. మేము సంక్రాంతి సెలవులకి ఆగుతాం. దోమతెరలు ఆరు కొన్నాను, ఎక్కడికి పంపాలో చెప్పండి. పిల్లలు చలికి ఏం వేసుకోవాలి, స్వెటర్ సరిపోతుందా?

———

చోడిచేను
నవంబర్ 20, రాత్రి 10:15

స్వెటర్ ఒకటి చాలదు అమ్మా, చెవులకి టోపీ తప్పనిసరి. రాత్రి పొయ్యి దగ్గరే కూర్చుంటాం అందరం. సంక్రాంతికి పిల్లలు ఉంటే బాగుంటుంది, మా వాళ్లు థింసా నృత్యం ఆడతారు. దోమతెరలు పాడేరులో మాస్టారి ఇంటికి పంపండి.

———

డల్లాస్_దుగ్గిరాల
నవంబర్ 21, ఉదయం 7:25

మరుగుదొడ్డికి అయ్యే దాంట్లో సగం మేం నలుగురం ఇస్తాం, ఊరి ఖాతాకే వేస్తాం. అప్పుగా కాదు, వాటాగా అంతకన్నా కాదు. మా నాన్నగారు కాఫీ, పసుపు ఎంత ఉంటే అంత తీసుకురమ్మంటున్నారు.

———

సీలేరు_గాలి
నవంబర్ 27, రాత్రి 8:40

శనివారం 29న నేను, వైజాగ్_బుల్లెట్, ప్లంబింగ్ తెలిసిన మా బావమరిది వస్తున్నాం. తాత్కాలికంగా రబ్బరు ట్యూబు చుట్టి కట్టారని ఫోన్లో చెప్పావు కదా, అది ఎన్నో రోజులు ఆగదు. అంగుళంన్నర జాయింట్లు నాలుగు, క్లాంపులు పన్నెండు, ఇరవై అడుగుల పైపు ముక్క తీసుకున్నాం. బైకులు బడి దగ్గరే ఆపుతాం. పైకి ఎక్కాల్సి వస్తుంది కాబట్టి ఎవరైనా పెద్దవాళ్లు తోడు రావాలి, చెప్పులు ఎక్కడ విప్పాలో వాళ్లే చూపించాలి. ఇంకేమైనా తేవాలా?

———

చోడిచేను
నవంబర్ 27, రాత్రి 9:05

మా అత్త వస్తుంది తోడు. మడుగు నోటి దగ్గర పైపుకి అడ్డం పెట్టిన జాలీ కూడా చిరిగింది సార్, ఆకులు పైపులోకి పోతున్నాయి. స్టీలు జాలీ రెండు అడుగులు దొరికితే తేండి. పొద్దున్నే రండి, అంబలి కాచి ఉంచుతాం.